పాత ఆర్చ్‌టాప్ గిటార్‌ని మాండొలిన్ కుటుంబంలోకి తేవాలంటే: ఆక్టేవ్ మాండొలినా, బుజూకీనా, మాండోచెలోనా?

మాండొలిన్ కంటే ఒక స్థాయి కింద పలికే ఆక్టేవ్ మాండొలిన్ గానీ, ఇంకా కిందికి చెలో శ్రుతిలో పలికే మాండోచెలో గానీ కొత్తది కొందామంటే ఖరీదు ఎక్కువ, మన దేశంలో దుకాణాల్లో కనపడటం మరీ అరుదు. అందుకే వాడకుండా పెట్టెలో ఉండిపోయిన ఆర్చ్‌టాప్ గిటార్ (పై పలక ఉబ్బెత్తుగా ఉండే రకం) ఉన్నవాళ్లకి దాన్నే మార్చుకుంటే పోలా అన్న ఆలోచన వస్తుంది. ఆలోచన మంచిదే. ఆర్చ్‌టాప్ అసలు మాండొలిన్‌కి దగ్గరి చుట్టం. అమెరికాలోని కలమజూ ఊళ్లో ఓర్విల్ గిబ్సన్ వయొలిన్ పద్ధతిలో చెక్కిన పై పలకతో మాండొలిన్లు, గిటార్లు రెండూ చేశాడు. 1922లో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో గిబ్సన్ కంపెనీ ఎఫ్-5 మాండొలిన్‌నీ ఎల్-5 గిటార్‌నీ ఒకే శ్రేణిలో తెచ్చింది. ఆ శ్రేణిలోని కె-5 మాండోచెలోకి ఎల్-5 గిటార్ బాడీ కొలతలే వాడింది. మనం ఇంట్లో చేద్దామనుకుంటున్న పనికి దారి ఫ్యాక్టరీలోనే పడిందన్నమాట.

మామూలు గిటార్‌కి తీగలు ఆనే బ్రిడ్జిని పై పలకకి జిగురుతో అతికిస్తారు, తీగల లాగుడంతా ఆ అతుకు మీదే పడుతుంది. ఆర్చ్‌టాప్‌లో అలా కాదు. తీగలు బాడీ చివర ఉన్న టెయిల్‌పీస్‌కి తగులుకుంటాయి, బ్రిడ్జి పలక మీద ఊరికే నిలబడి ఉంటుంది. మాండొలిన్ కుటుంబంలో తీగలు నాలుగు జంటలు కాబట్టి, టెయిల్‌పీస్ విప్పి ఎనిమిది తీగలది బిగించుకోవచ్చు. బ్రిడ్జిని ముందుకీ వెనక్కీ జరిపి శ్రుతి సరిచేసుకోవచ్చు. ఈ వెసులుబాటు వల్లే మార్పుకి ఆర్చ్‌టాప్ అంత అనువుగా ఉంటుంది.

చిక్కంతా దేనిగా మార్చాలన్న దగ్గరే. మాండొలిన్ కుటుంబం అనగానే అన్నీ ఒకటే అనిపిస్తుంది గానీ, వీటిలో ఒకటి గిటార్ మీద పాత బరువే మోపితే, ఇంకొకటి ఒకటిన్నర రెట్లు మోపుతుంది. ఏది ఎంచుకోవాలో వాయించేవాళ్ల ఇష్టం ఎంత చెబుతుందో, ఆ గిటార్ నిర్మాణమూ అంతే చెబుతుంది.

## ముందు గిటార్ సంగతి

ఎఫ్ ఆకారపు రంధ్రాలు ఉన్నంత మాత్రాన అది ఆర్చ్‌టాప్ అయిపోదు. పై పలక నడుమ ఉబ్బి, అంచుల దగ్గర దిగి ఉండాలి. బ్రిడ్జి అతికించకుండా ఉండాలి. తీగలు టెయిల్‌పీస్ దగ్గర ముగియాలి. చదునైన పలక మీద ఎఫ్ రంధ్రాలు కోసిన చవక గిటార్లు కూడా ఉంటాయి. వాటికి ఈ వ్యాసంలోని లెక్కలు వర్తించవు.

ఆర్చ్‌టాప్‌లలోనూ పై పలక మూడు రకాలు: దళసరి చెక్కని చెక్కి ఉబ్బు తెచ్చినవి, పలచని చెక్కని వేడితో ఒత్తి వంచినవి, ప్లైవుడ్‌ని అచ్చులో వంచినవి. ది లోర్ అనే బ్రాండ్ ఎల్‌హెచ్-600 లాంటివి మొదటి రకం. గోడిన్ ఫిఫ్త్ అవెన్యూ మూడో రకం, కెనడా చెర్రీ చెక్క పొరలతో చేస్తారు. పాత హార్మొనీ, కే గిటార్లలో ఎక్కువ భాగం రెండు, మూడు రకాలవే. చెక్కిన పలకకి స్వరంలో గుండ్రదనం వస్తుంది. ప్లైవుడ్ పలక మోత తక్కువైనా మొండిది, అంత త్వరగా కుంగదు.

పలక కన్నా ముందు చూడాల్సింది నెక్. లోపల తిప్పి సరిచేసే ట్రస్ రాడ్ ఉందా లేదా? పాత హార్మొనీ గిటార్ల తల మీద ‘స్టీల్ రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్’ అని గర్వంగా రాసి ఉంటుంది. లోపల ఉక్కు కడ్డీ ఉన్న మాట నిజమే గానీ దాన్ని తిప్పడానికి లేదు. నెక్ ముందుకి వంగితే ఇక కడ్డీ తిప్పి సరిచేయలేం. అలాంటి గిటార్ మీద మాండోచెలో తీగలు ఎక్కించకండి.

తర్వాత పై పలకని వేలి కణుపుతో అక్కడక్కడా మెల్లగా తట్టి చూడండి. ఎక్కడైనా చిటచిట లేదా గలగల వినిపిస్తే లోపలి టోన్ బార్ (పలక కింద అతికించిన చెక్క పట్టీ) అతుకు వదిలిందని అర్థం. బ్రిడ్జి కాళ్ల కింద పలక గుంటపడిందేమో స్కేలు అడ్డంగా పెట్టి చూడండి. ఈ రెండిట్లో ఏ లోపం ఉన్నా ముందు బాగు చేయించాలి, మార్పు సంగతి ఆ తర్వాతే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

శ్రుతి ఎంత పైకి పోగలదు. గిటార్‌లో నట్ (తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు సుమారు 24.75 నుంచి 25.5 అంగుళాలు. మాండొలిన్‌లో అది 13.875 అంగుళాలే. అంత పొడవున్న ఉక్కు తీగని మాండొలిన్ శ్రుతికి బిగిస్తే తెగిపోతుంది. సన్న తీగ వేసినా లాభం లేదు. తీగ తెగేది పొడవు, శ్రుతి రెండిటి లెక్కని బట్టే తప్ప లావుని బట్టి కాదు. పన్నెండు తీగల గిటార్‌లో సన్నటి జి తీగ ఎంత తరచుగా తెగుతుందో వాయించినవాళ్లకి తెలుసు, దానికంటే పైకి వెళ్లే దారి లేదు. కాబట్టి నెక్ మార్చకుండా మాండొలిన్ గానీ, దానికంటే కొంచెం కింద పలికే మాండొలా గానీ చేయడం కుదరదు, ఆ రెండూ జాబితాలోంచి తీసేయండి.

మొత్తం లాగుడు. 24.75 అంగుళాల గిటార్‌కి మామూలు 12–53 సెట్ (తీగ లావుని, అంటే గేజ్‌ని, అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు) వేస్తే ఆరు తీగలూ కలిపి లాగే బలం సుమారు 150 పౌండ్లు, అంటే దాదాపు 70 కిలోలు. మీ గిటార్ ఇన్నాళ్లూ మోసిన బరువు ఇదీ. కొత్త తీగల లెక్క ఇంతలోనే ఉంటే కంగారు అక్కర్లేదు. దాటితే ఎంత దాటిందో చూసుకోవాలి. పలకని కిందికి నొక్కే బలం వేరే లెక్క, అది బ్రిడ్జి మీద తీగ ఎంత కోణంలో వంగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. వంపు 12 డిగ్రీలైతే 150 పౌండ్ల లాగుడు పలక మీద సుమారు 31 పౌండ్ల ఒత్తిడి అవుతుంది, 225 పౌండ్ల లాగుడైతే 47 దాకా పోతుంది. టెయిల్‌పీస్‌ని కొంచెం పైకి లేపితే ఈ కోణం తగ్గుతుంది. నెక్ మీద లాగుడు మాత్రం తగ్గదు.

చేతి చాపు. మాండొలిన్ వాయించేవాళ్లు దీన్నే తక్కువ అంచనా వేస్తారు. మాండొలిన్ మీద చూపుడు వేలు రెండో ఫ్రెట్ మీద, చిటికెన వేలు ఏడో ఫ్రెట్ మీద పెట్టడానికి 8 సెంటీమీటర్ల లోపు చాపు చాలు. 24.75 అంగుళాల గిటార్ మీద అదే చాపు 14 సెంటీమీటర్లు. మాండొలిన్ వేళ్ల పద్ధతి, అంటే ఒక్కో వేలికి రెండేసి ఫ్రెట్లు, ఇక్కడ సాగదు. చెలో వాయించేవాళ్లలాగా వేలికి ఒక ఫ్రెట్ చొప్పున పెట్టి, చేతిని పైకీ కిందికీ జరుపుతూ వాయించాలి. వేగంగా పరుగెత్తే పాటలు వాయించాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఇంకా రెండున్నాయి: తీగలు బిగించే కీలు ఎన్ని కావాలి, తలలో కొత్త రంధ్రం వేయాలా వద్దా. ఒకసారి రంధ్రం వేశాక వెనక్కి తిప్పడం ఉండదు, మిగతా మార్పులన్నీ సాయంత్రానికి విప్పేయొచ్చు.

## పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష

ఏ భాగమూ కొనకముందు ఇది చేసి చూడండి. గిటార్ మీద ఉన్న మామూలు సెట్‌లోంచి మూడో తీగ, అంటే జి తీగ, తీసేయండి. ఐదో తీగ ఎ ని ఒక స్వరం దించి జి చేయండి. నాలుగో తీగ డి ని అలాగే ఉంచండి. రెండో తీగ బి ని ఒక స్వరం దించి ఎ చేయండి. ఒకటో తీగ ఇ అలాగే ఉంటుంది. లావు తీగ ఇ ని కిందికి సి దాకా దించండి, కొంచెం వదులుగా ఉంటుంది గానీ పలుకుతుంది.

ఇప్పుడు మీ చేతిలో సి-జి-డి-ఎ-ఇ ఉంది. పై నాలుగు తీగలు ఆక్టేవ్ మాండొలిన్, కింది నాలుగు మాండోచెలో. ఒక్క తీగ కూడా పైకి బిగించలేదు కాబట్టి గిటార్‌కి ఏ ప్రమాదమూ లేదు. నడుమ ఒక తీగ ఖాళీ వల్ల ఎడం కొంచెం వింతగా అనిపిస్తుంది, పరీక్షకి అది అడ్డు కాదు. కొన్ని వారాలు ఇలాగే వాయించండి. ఏ తీగల మీదికి చేయి ఎక్కువగా పోతోందో, చాపు ఎక్కడ నొప్పి పుట్టిస్తోందో మీకే తెలుస్తుంది. నేను ఎవరికి సలహా చెప్పినా ముందు ఇది చేసి రమ్మంటాను, ఎందుకంటే సగం మంది ఎంపిక ఈ దశలోనే తేలిపోతుంది.

## ఆక్టేవ్ మాండొలిన్: జి-డి-ఎ-ఇ, నాలుగు జంటలు

మాండొలిన్ శ్రుతికి సరిగ్గా ఒక స్థాయి కింద. మాండొలిన్, వయొలిన్ తెలిసినవాళ్లకి స్వరస్థానాలు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. ఎక్కువమందికి నా మొదటి ఓటు దీనికే. కారణం లాగుడు లెక్క. 11, 16, 28, 42 గేజ్ తీగల్ని జంటలుగా వేస్తే ఎనిమిదీ కలిపి సుమారు 155 పౌండ్లు. అంటే గిటార్ మోసిన బరువే. ట్రస్ రాడ్ లేని పాత నెక్ అయినా తట్టుకుంటుంది.

12, 18, 30, 44 వేస్తే ధ్వని నిండుగా ఉంటుంది, లాగుడు 180 దాకా పెరుగుతుంది. అంత లావు తీగలు కావాలి, బరువు వద్దు అనుకునేవాళ్లకి ఒక మార్గం ఉంది. తీగల్ని ఒక స్వరం దించి ఎఫ్-సి-జి-డి కి కట్టి, రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) బిగించండి. లాగుడు 145 లోపుకి దిగుతుంది. పైగా 24.75 అంగుళాల తీగ కాపో దగ్గర్నుంచి లెక్కేస్తే 22 అంగుళాలు అవుతుంది, ఆక్టేవ్ మాండొలిన్‌కి అది చక్కటి కొలత. చాపు కూడా 14 నుంచి 12.5 సెంటీమీటర్లకి తగ్గుతుంది. చేతులు చిన్నవిగా ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి మార్గం నాకు కనపడలేదు. కాపో తీసేస్తే అదే వాయిద్యం ఇంకాస్త గంభీరంగా పలుకుతుంది.

లోటు ఒకటే. గిటార్ బాడీ పెద్దది కావడంతో ఇ జంట స్వరం మాండొలిన్‌లా గలగలమని దూసుకురాదు, కొంచెం మెత్తగా వస్తుంది. పాటకి తోడుగా వాయించేవాళ్లకి ఇది నచ్చుతుంది. గుంపులో ముందుండి వాయించాలంటే నిరాశపరుస్తుంది.

## ఐరిష్ బుజూకీ: జి-డి-ఎ-డి

కట్టుబడిలో ఇది ఆక్టేవ్ మాండొలినే, ఒక్క ఇ జంటని డి కి దించుతారు. 1960ల్లో జానీ మొయినిహాన్ గ్రీకు బుజూకీని ఐర్లాండ్ జానపద సంగీతంలోకి తెచ్చి ఈ శ్రుతి వాడాడు. తర్వాత డోనల్ లన్నీ లాంటివాళ్లు దాన్ని తీర్చిదిద్దారు. ఈ వాయిద్యానికి పొడుగు తీగే సహజం కాబట్టి గిటార్ పొడవు ఇక్కడ లోపం కాదు, అదే సరైన కొలత. చాపు గొడవ కూడా తక్కువ. పై డి, కింది డి మోగుతూ ఉండగా నడిమి తీగల మీద రెండు మూడు వేళ్లతో తోడు వాయిస్తారు.

కింది రెండు జంటల్లో ఒక్కో లావు తీగ పక్కన ఒక స్థాయి పైనున్న సన్న తీగ వేస్తారు కొందరు. జి కి 42 పక్కన 18, డి కి 28 పక్కన 12. మొత్తం లాగుడు 150 పౌండ్ల లోపే ఉంటుంది, ధ్వనిలో తళుకు వస్తుంది. రాగాలాపన దీనిమీద చేయాలనుకోకండి. ఆ సన్న తీగ ప్రతి స్వరాన్నీ రెండు స్థాయిల్లో పలికిస్తుంది, గమకం నలిగిపోతుంది.

ఆక్టేవ్ మాండొలిన్‌గా మార్చుకున్నాక ఎప్పుడైనా దీన్ని ప్రయత్నించవచ్చు, కీలు తిప్పితే చాలు. కాబట్టి ఈ రెండిటి మధ్య ఎంపిక కోసం నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు.

## మాండోచెలో: సి-జి-డి-ఎ

అందరినీ ఊరించేది ఇదే. చెలో శ్రుతి, జంట తీగలు, కింద సి మోగితే బల్ల కూడా అదురుతుంది. గిటార్ బాడీకి అచ్చంగా సరిపోయే స్థాయి కూడా ఇదే, కె-5 ఎందుకు అలా చేశారో వింటే తెలుస్తుంది.

కానీ లెక్క చూడండి. 22, 34, 48, 74 గేజ్‌ల మామూలు మాండోచెలో సెట్‌ని 24.75 అంగుళాల మీద కడితే లాగుడు 225 పౌండ్ల పైన, 100 కిలోలు దాటుతుంది. గిటార్ మోసిన దానికి ఒకటిన్నర రెట్లు. చెక్కిన పలక, ట్రస్ రాడ్, గట్టి నెక్ అతుకు మూడూ ఉన్న గిటార్‌కే ఇది తగుతుంది. ఒత్తి వంచిన పలక ఉన్న పాత గిటార్ మీద ఈ సెట్ వేస్తే మొదటి రోజు అద్భుతంగా మోగుతుంది. నెలలు గడిచేకొద్దీ బ్రిడ్జి కింద పలక కుంగుతుంది, నెక్ ముందుకి వంగి తీగలు ఫ్రెట్లకి దూరమవుతాయి, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కడమే కష్టమవుతుంది.

ఇంకో రెండు చిక్కులు. 74 గేజ్ సి తీగ మాండొలిన్ కీల సన్న రంధ్రంలో దూరదు, గిటార్ కీలే వాడాలి. రెండోది, లావు తీగల జంట పక్కపక్కన ఊగినప్పుడు ఒకదానికొకటి తగిలి గరగరలాడతాయి. సి జంట మధ్య ఎడం 3.5 మిల్లీమీటర్లయినా ఉంచాలి.

మాండోచెలో కావాల్సిందే, గిటార్ మాత్రం అంత గట్టిది కాదు అనుకుంటే తర్వాతి రెండు మార్గాలు మీ కోసమే.

## ఆరు కీలతోనే: రెండు ఒంటి, రెండు జంట

తలలో రంధ్రం వేయకుండా మాండొలిన్ జంటల మోత కావాలంటే ఇదొక్కటే దారి. కింది రెండు తీగల్ని ఒంటిగా, పై రెండిటిని జంటలుగా కడతారు. నాలుగు స్థానాలకి ఆరు తీగలు, ఉన్న ఆరు కీలు సరిపోతాయి. టెయిల్‌పీస్ కూడా పాతదే వాడొచ్చు. కొత్తగా కావాల్సింది నట్, బ్రిడ్జి పైన కూర్చునే శాడిల్, అంతే.

మాండొలిన్‌ని గుర్తుచేసే మెరుపు పై తీగల జంటల్లోంచే వస్తుంది. లావు తీగలు జంటగా ఉంటే బలం వస్తుంది గానీ మసక కూడా వస్తుంది. కాబట్టి కింద ఒంటి తీగ ఉండటం చాలా సందర్భాల్లో మేలే. జి 46, డి 32, ఎ జంట 16, ఇ జంట 11 వేస్తే మొత్తం 125 పౌండ్లు దాటదు. మాండోచెలో శ్రుతికి ఇదే పద్ధతిలో కడితే 175 దాకా వస్తుంది, పూర్తి మాండోచెలో కంటే 50 పౌండ్లు తక్కువ. పాత గిటార్‌ని చెడగొట్టకుండా మాండోచెలో రుచి చూడాలనుకునేవాళ్లకి ఇది నా సలహా.

## ఐదు ఒంటి తీగలు: కర్ణాటక సంగీతం వాయించేవాళ్లకి

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసి, మాండొలిన్‌ని కర్ణాటక సంగీత వేదిక మీద నిలబెట్టాడు. ఆయన వాయించింది నాలుగు జంటల మాండొలిన్ కాదు, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. కారణం వేళ్లకి తెలుస్తుంది. జంట తీగల్ని పక్కకి లాగి గమకం పలికిస్తే రెండూ సమానంగా సాగవు, స్వరం చీలిపోతుంది.

ఆర్చ్‌టాప్‌కి ఐదు ఒంటి తీగలు కడితే లాగుడు 120 పౌండ్ల దగ్గరే ఉంటుంది, ఏ గిటారైనా హాయిగా మోస్తుంది. కీలు ఆరులో ఒకటి ఖాళీ. సి-జి-డి-ఎ-ఇ గా కట్టొచ్చు. స-ప-స-ప-స కావాలంటే ఒకటి శ్రుతికి సి-జి-సి-జి-సి కట్టొచ్చు, గేజ్‌లు కింద నుంచి 70, 46, 36, 20, 14. పై రెండూ చుట్టలేని సాదా ఉక్కు తీగలు కావడం ముఖ్యం, లాగినప్పుడు సాఫీగా సాగుతాయి. పొడవైన తీగ మీద జారు ఎంత అందంగా వస్తుందో వాయించి చూస్తే గానీ తెలియదు. ఒక ఫ్రెట్‌కీ ఇంకో ఫ్రెట్‌కీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి స్వరం మీదికి నెమ్మదిగా దిగవచ్చు.

ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో స్వరం ఎంతసేపైనా నిలుస్తుంది, ఆర్చ్‌టాప్‌లో మీటగానే గట్టిగా పలికి త్వరగా తగ్గిపోతుంది. ఆర్చ్‌టాప్ స్వభావమే అంత. విళంబంలో కార్వై నిలపాలనుకునేవాళ్లు బ్రిడ్జి దగ్గర ఒక పికప్ (ధ్వనిని ఆంప్లిఫయర్‌కి పంపే పరికరం) బిగించుకోక తప్పదు.

## ఒక్కచోట చూస్తే

| ఎంపిక | శ్రుతి | లాగుడు (24.75 అంగుళాల మీద) | కీలు | తలలో రంధ్రాలు | ఎలాంటి గిటార్ కావాలి |
|---|---|---|---|---|---|
| ఆక్టేవ్ మాండొలిన్ | జి-డి-ఎ-ఇ | 155 నుంచి 180 పౌండ్లు | 8 | తప్పవు | మామూలుది చాలు |
| ఐరిష్ బుజూకీ | జి-డి-ఎ-డి | 150 లోపు | 8 | తప్పవు | మామూలుది చాలు |
| మాండోచెలో | సి-జి-డి-ఎ | 225 పైన | 8 | తప్పవు | చెక్కిన పలక, ట్రస్ రాడ్ |
| రెండు ఒంటి, రెండు జంట | జి-డి-ఎ-ఇ లేదా సి-జి-డి-ఎ | 125 నుంచి 175 | 6 | అక్కర్లేదు | మామూలుది, మాండోచెలో శ్రుతికి ట్రస్ రాడ్ మంచిది |
| ఐదు ఒంటి తీగలు | సి-జి-డి-ఎ-ఇ లేదా స-ప-స-ప-స | 120 | 5 | అక్కర్లేదు | ఏదైనా |

మీ గిటార్ తీగ పొడవు 25.5 అంగుళాలైతే ప్రతి లెక్కకీ ఆరు శాతం కలుపుకోండి.

## ఎనిమిది కీలు పెట్టాలంటే

గిటార్ తలకి ఒక్కో పక్క మూడు కీలుంటాయి. వాటిలో మొదటి రంధ్రం నడుమ నుంచి చివరి రంధ్రం నడుమకి దూరం కొలిచి మూడుతో భాగించండి. ఉదాహరణకి 75 మిల్లీమీటర్లు ఉంటే 25 వస్తుంది. విడివిడిగా దొరికే చిన్న సైజు గిటార్ కీలకి ఆ ఎడం సరిపోతుంది. అప్పుడు చివరి రంధ్రాలు రెండూ అలాగే ఉంచి, నడిమి రంధ్రాన్ని చెక్క మేకుతో పూడ్చి, మధ్యలో కొత్తవి రెండు వేస్తే నాలుగు కీలు వరసగా కూర్చుంటాయి. నాలుగు కీలు ఒకే రేకు మీదున్న మాండొలిన్ సెట్ కొనకండి. వాటి కడ్డీలు గిటార్ తల మందానికి పొట్టివి కావచ్చు, లావు తీగకి రంధ్రమూ చాలదు.

నట్ దగ్గర వెడల్పు 43 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. రెండు అంచుల్లో 3.5 చొప్పున వదిలితే 36 మిగులుతుంది. జంటలోని రెండు తీగల మధ్య 2.5 చొప్పున నాలుగు జంటలకి 10 పోతే, జంటకీ జంటకీ మధ్య ఎడం 8.7 వస్తుంది. వేలు హాయిగా పడుతుంది.

టెయిల్‌పీస్‌కి పన్నెండు తీగల గిటార్‌ది కొనుక్కోమంటాను. పన్నెండు గాడుల్లో ఎనిమిది వాడుకోవచ్చు, చివర పూస ఉన్న మామూలు గిటార్ తీగలు నేరుగా తగులుకుంటాయి. విడి గిటార్ తీగలు ఆన్‌లైన్‌లో గేజ్ చెప్పి తెప్పించుకోవచ్చు కాబట్టి ప్రత్యేక సెట్ల కోసం ఎదురుచూడక్కర్లేదు. మాండొలిన్ టెయిల్‌పీస్‌కైతే తీగ చివర ఉచ్చు కావాలి. పూస ఉన్న తీగ నుంచి పూసని పట్టకారుతో నొక్కి పగలగొట్టి తీసేస్తే ఉచ్చు మిగులుతుంది. కళ్లకి అద్దాలు పెట్టుకుని చేయండి, ఆ ఇత్తడి ముక్క ఎగిరిపడుతుంది.

## ఎవరికి ఏది

మాండొలిన్ లేదా వయొలిన్ ఇప్పటికే వాయిస్తూ, కింది స్థాయి ధ్వని కోసం చూస్తున్నవాళ్లకి ఆక్టేవ్ మాండొలిన్, కాపో పద్ధతితో. గిటార్ నుంచి వస్తూ పాటలకి తోడు వాయించేవాళ్లకి బుజూకీ శ్రుతి త్వరగా చేతికొస్తుంది. త్యాగరాజ కృతులు వాయించాలనుకునేవాళ్లకి ఐదు ఒంటి తీగలు తప్ప వేరే మాట లేదు. బృందంలో కింది గొంతు కావాల్సినవాళ్లు, చెక్కిన పలక ఉన్న గట్టి గిటార్ చేతిలో ఉంటే మాండోచెలోకి వెళ్లొచ్చు. అప్పుడైనా ఒక గేజ్ తగ్గించి మొదలుపెట్టండి.

మీ దగ్గరున్నది 1920ల నుంచి 1950ల దాకా వచ్చిన గిబ్సన్ గానీ ఎపిఫోన్ గానీ అయితే దాని తలలో రంధ్రం వేయకండి. అలాంటి గిటార్ విలువలో పెద్ద భాగం అది అసలు రూపంలో ఉండటంలోనే ఉంది. అది అమ్మితే వచ్చే డబ్బుతో మంచి ఆక్టేవ్ మాండొలిన్ కొత్తదే కొనుక్కోవచ్చు. అమ్మడం ఇష్టం లేకపోతే రంధ్రాలు అక్కర్లేని రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి చేయండి, విప్పిన పాత భాగాలన్నీ ఒక సంచిలో వేసి గిటార్ పెట్టెలోనే ఉంచండి.

మార్పు చేసే పనిని రిపేర్ షాపుకి ఇస్తుంటే నోటిమాటగా చెప్పి వదిలేయకండి. మన ఊళ్లలో ఎనిమిది తీగల ఆర్చ్‌టాప్ రిపేరుకి రావడం అరుదు, అలవాటు కొద్దీ గిటార్ ఎడంతోనే నట్ కోసేసే అవకాశం ఉంది. శ్రుతి, ఎనిమిది తీగల గేజ్‌లు, నట్ మీద ఎడాలు కాగితం మీద రాసి, తీగలు కూడా మీరే కొని ఇవ్వండి. ఆ తీగలు ఎక్కించాకే నట్ గాడులు కోయమనండి. శాడిల్‌ని కూడా వాటి మీదే పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి చూసి అరగదీయమనండి. తీసుకునేటప్పుడు ప్రతి జంటనీ పన్నెండో ఫ్రెట్ మీద నొక్కి మీటి వినండి, రెండు తీగలూ ఒకే స్వరం పలికితేనే డబ్బులివ్వండి.